ఫిట్స్ వచ్చినా ఆగని రెండు చదువులు

యూసుఫ్‌గూడలో రేణుక వాళ్లింట్లో మాట్లాడుతుండగా ఉన్నట్టుండి నా మాట తడబడింది. పదో తరగతి పాసైన రేణుకను వాళ్ల నాన్న మల్లేశం చదువు మాన్పించి కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టాడు. అలా ఆగిపోయిన ఆడపిల్లలను తిరిగి చదువులో చేర్పించడం, డిగ్రీ చదువుకుంటూనే నేను పెట్టుకున్న పని. ఎవరూ నేర్పలేదు. ఆడపిల్లల హక్కుల గురించి గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివి నేర్చుకున్నాను.

ఎడమ చెయ్యి దానంతటదే కొట్టుకోసాగింది. తర్వాతిది గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి నాలుక తెగి ఉంది, గుప్పిట్లో ఎవరో తాళంచెవుల గుత్తి పెట్టారు.

"చదువు ఎక్కువై మెదడు మీద పడ్డది. గిందుకే నా బిడ్డకు వద్దన్న," అన్నాడు మల్లేశం.

పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో ఎంఆర్ఐ, ఈఈజీ తీశారు. ఎంఆర్ఐ నార్మల్. మెదడు తరంగాలు చూసే ఈఈజీలో తేడా కనిపించింది. ఎపిలెప్సీ, అంటే ఫిట్స్ వచ్చే మూర్ఛ జబ్బు అన్నారు న్యూరాలజిస్ట్ మేడమ్. అమీర్‌పేటలో బట్టలు కుట్టే మా నాన్న ఒక్కటే అడిగాడు.

"పుస్తకాలు బంద్ జేయాల్నా మేడమ్?"

"ఎందుకండీ? చదువు వల్ల వచ్చింది కాదిది. మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు, నిద్ర చెడగొట్టుకోకూడదు. కాలేజీకి పంపండి."

అయినా అమ్మ పంపలేదు. "బస్సుల పడితే ఎవలు పట్టుకుంటరు?" అంది. నేను మళ్లీ గ్రంథాలయాన్నే నమ్ముకున్నాను. తాళంచెవులు పనికిరావనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ చదివి ఇంట్లో వినిపించాను. రేణుక కూడా వచ్చి కూర్చుని వినేది. మెల్లగా అమ్మ మెత్తబడింది. కాలేజీకి వెళ్లాను.

శ్రావణమాసం వచ్చింది. నా జబ్బు తగ్గాలని అమ్మ మొక్కి, నాతో సోమవారాలు ఒక్కపొద్దు ఉంచింది. దీపం పెట్టేదాకా నోట్లో ఏదీ పడకూడదని పొద్దుటి మాత్ర కూడా పక్కన పెట్టించింది. అలాంటి ఒక సోమవారమే మైత్రీవనం దగ్గర బస్సు దిగి, ఫిట్స్ వచ్చి పడిపోయాను. నుదుటికి కుట్లు పడ్డాయి.

"ఒక్కపొద్దుకి మాత్ర మానమని ఏ దేవుడడిగాడమ్మా?" అన్నారు మేడమ్. నాన్న ఆ మాట మీదే ఆలోచనలో పడ్డాడు.

ఇక నన్నూ ఇంట్లోనే ఉంచేస్తారనుకున్నాను. నేను ఆగితే రేణుక చదువూ ఇక సాగనట్టే. కానీ నుదుటి కట్టు విప్పకముందే, నాన్నే నన్ను మల్లేశం ఇంటికి తీసుకెళ్లాడు.

"మల్లేశం భాయ్, నా బిడ్డ చదివి పడలె. మాత్ర మాని పడ్డది. రేపటి సంది మళ్ల కాలేజీకి పోతది. నీ బిడ్డను సుత పంపు."

"నీ బిడ్డ మళ్ల పడితే?" అన్నాడు మల్లేశం.

రేణుక మిషన్ ముందునుంచి లేచింది. "నేనుంట గదా నాయినా. అక్కను పక్కకు తిప్పుడు నాకు ఎరుకే. నీకు ఎరుకనా?"

మల్లేశం నవ్వు ఆపుకోలేకపోయాడు. "గీమెకు అప్పుడే ఇన్ని మాటలొచ్చినయ్. ఇంటర్ చదివితే నన్ను బతకనిస్తదా," అన్నాడు. కానీ పంపాడు.

ఇద్దరం ఒకే బస్సులో వెళ్లి చదివాం. ఆ తర్వాత నాకు ఫిట్స్ రాలేదు. నా డిగ్రీ పూర్తయింది, రేణుక ఇంటర్ పాసై డిగ్రీలో చేరింది. ఇప్పుడు ఇళ్లకు వెళ్లి మాట్లాడేటప్పుడు తనూ నా పక్కనే ఉంటుంది.

నాలాంటి జబ్బున్నవాళ్లకు చెప్పేది ఒక్కటే. పండగైనా, ఒక్కపొద్దైనా మాత్ర మానకండి. మా ఇంట్లో ఇప్పటికీ సోమవారం ఒక్కపొద్దులున్నాయి. అమ్మ ముందుగా నా చేతిలో మాత్ర, నీళ్లు పెట్టి, నేను మింగాకే పూజకు కూర్చుంటుంది.