ఎదురువైపు తడిబట్ట

దెయ్యాల కథలు చెప్పుకునే పిల్లల్ని క్లాసులోంచి బయటికి పంపే రకం నేను. తిరుపతిలో ఒక ఆర్ట్ కాలేజీలో ముద్రణ నేర్పుతాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మడం మానడం మీ ఇష్టం.

రాతి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి కాగితం మీదికి అచ్చు తీసే పద్ధతి ఒకటి ఉండేది. మా వైపు లుంగీ కట్టల లేబుళ్లు అలాగే వేసేవాళ్లు. ఆ పనిని మళ్లీ బతికించాలని రెండేళ్లు తిరిగాను. చివరికి నగరిలో నాగరత్నమ్మ అవ్వ ఇంటి పంచలో ఒక మిషను, నెమలి లేబులు బొమ్మ గీసిన ఒక రాయి దొరికాయి. భర్త పోయాక ఆవిడ వాటిని ముట్టుకోలేదు. అడిగి మా కాలేజీకి తెచ్చుకున్నాను.

కిటుకంతా నీళ్లలో ఉంది. రాయి తడిగా ఉంటే సిరా బొమ్మకే అంటుతుంది, ఆరితే రాయంతా నలుపే. అందుకే ఇద్దరు కావాలి. ఒకరు తడిబట్టతో తుడుస్తుంటే వెనకే ఒకరు సిరా రోలరు దొర్లించాలి. వాళ్లింట్లో రోలరు అవ్వది, తడిబట్ట ఆయనది.

నాకు ఒక్క అచ్చూ సరిగ్గా రాలేదు. సోమవారంలోగా మంచి అచ్చు చూపించకపోతే మిషను పాత ఇనుముకి, గది కంప్యూటర్లకి అని ప్రిన్సిపాల్ తేల్చేశారు. శనివారం పిల్లలంతా పరీక్షల్లో ఉన్నారు. అవ్వ వచ్చింది గానీ కుడిచెయ్యి విరిగి పుత్తూరు కట్టుతో ఉంది. గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఒక్కదానివే ఎట్లా చేస్తావు పాపా?" అనింది.

దుమ్ము పడకుండా తలుపు గడియ వేసి మొండిగా మొదలుపెట్టాను. మే నెల మిట్టమధ్యాహ్నం. తడిపి రోలరు అందుకునేలోపే రాయి ఆరిపోతోంది. రెండు కాగితాలు నల్లగా పోయాయి. ఏడుపొచ్చింది.

మూడోసారి రాయి ఆరలేదు. రోలరుకు ముందుగా తడి సాగుతూనే ఉంది. గడియ వేసిన సంగతి మర్చిపోయి, ఎవరో పిల్ల వచ్చి తుడుస్తోందనుకున్నాను. వరసగా ఏడు అచ్చులు తీశాను. నెమలి ఈకలో ప్రతి గీతా పడింది.

మెచ్చుకుందామని తలెత్తితే ఎదురుగా ఎవరూ లేరు. నేను బకెట్ అంచు మీద వేసిన బట్ట రాయికి అవతల, నా చెయ్యి అందని చోట, నాలుగు మడతలతో ఉంది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

అవ్వ కుర్చీలోంచి కదల్లేదు. "బట్ట ఎప్పుడూ నాలుగు మడతలేసేటోడు" అనింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇంకొకటి తియ్యి పాపా."

తీశాను. రోలరు సగం పోకముందే రాయి ఆరిపోయింది. కాగితం నల్లగా వచ్చింది. అవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"పోయినాడు" అనింది.

మిషను మా దగ్గరే ఉండిపోయింది. నీళ్లూ జిడ్డూ ఎందుకు కలవవో పిల్లలకు గంటసేపు చెప్పగలను. ఆ ఏడు కాగితాలకు రాయి ఎలా తడిసిందో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

కట్టు విప్పిన రోజే అవ్వ ఫోను చేసింది. ఈసారి రోలరు తనే పడుతుందట.

"ఎదురుగా ఎవుర్నీ నిలబెట్టొద్దు పాపా" అనింది. "ఆ పక్క నాకు మనిషి ఉండాడు."