వెచ్చటి నేల

మార్గశిరంలో ఒక సోమవారం, పొద్దున ఆరు గంటలకు జరిగింది. మాచర్ల దగ్గర మా ఊళ్ళో, పాత పురుగుమందుల గోడౌను నేలలో పూడ్చిన విషాన్ని ఆవిరిగా లాగడానికి గొట్టాలు దించి మట్టిని కాగబెడుతున్నారు. వేడి పోతే కరెంటు దండగని పైన టార్పాలిన్ పట్టా కప్పారు. మంచులో ఆ నేల జ్వరమొచ్చిన ఒళ్ళులా ఉండేది.

మోకాళ్ళకు ఇసుక కాపడం పెట్టుకునే నా తోడికోడలు కోటమ్మ పట్టా ఎత్తి లోపలికి దూరింది.

"రా అక్కా, చానా హాయిగుంది" అంది.

తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. ఏనాడో పోయిన మా ఆయన ఒంటిమీది పత్తిమందు వాసన పట్టా కిందనుంచి గుప్పుమంది.

"ఊపిరి బిగబట్టు పెద్దమ్మా!" అని అరుస్తూ వాచ్‌మన్ మస్తాను పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం కాళ్ళు పట్టి ఈడ్చాం. చాలాసేపటికి దగ్గింది.

పూడ్చింది పోయిందనుకుంటాం. అది కింద కాచుకుని ఉంటుంది. ఆ పొద్దున అక్కడున్నది కోటమ్మ, మస్తాను, నేను. ముగ్గురం ఇంకా ఉన్నాం.