రాణిగారి ఆరాధన రోజున మా చెల్లెలి గొంతు

క్రితం వారం బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పై వరసలో నాకున్న రెండు కట్టుడు పళ్ళు కదులుతున్నాయి. ఆవిడ కొత్తగా వచ్చిన మనిషి. అసలు పళ్ళు ఎలా పోయాయని అడిగి, క్రికెట్టా, కారు ప్రమాదమా అని జవాబులు కూడా తనే అందించింది. కెథడ్రల్‌లో, పాటల బృందంలో, అని నోట్లో దూది ఉండగానే చెప్పాను. చేతిలో పరికరం ఆపేసి నా ముఖంలోకి చూసింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా చెల్లెలి సంగతి చెప్పాలి.

చెల్లెలంటే మా పిన్ని కూతురు, నాకంటే పదేళ్ళు చిన్నది. గుంటూరులో మా ఇంట్లోనే పెరిగింది. మిషన్ ఆసుపత్రి వెనకాల చర్చిలో మా ఇద్దరికీ పాట నేర్పింది ఒక నర్సమ్మ. తప్పు పాడితే నోటితో ఏమీ అనేది కాదు, హార్మోనియం మీద అరచేత్తో ఠపీమని కొట్టేది. నా చిన్నప్పటి సంగీతమంతా ఆ చప్పుడే. చెల్లెలు పాడితే మాత్రం ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయేది. నేను ఉద్యోగానికి ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ వచ్చి స్థిరపడ్డాక, చెల్లెలికి ఇక్కడి సంబంధమే చూశాను. చూసింది నేనే. ఇంజనీరు, మంచి కుటుంబం, మందు ముట్టడు. నేను వాకబు చేసింది అంతవరకే. కోపం ఎలాంటిదని ఎవర్నీ అడగలేదు, అడగాలని తోచలేదు.

పెళ్ళయి వచ్చిన ఏడాదే చెల్లెల్ని నేను పాడే కెథడ్రల్, అంటే ఊళ్ళో పెద్ద చర్చి, పాటల బృందంలో చేర్పించాను. అక్కడ ఆర్గన్ మొదలైతే ఆ మోత అరికాళ్ళలోంచి మోకాలి చిప్పల దాకా ఎక్కేది. మా మంద్రస్థాయి వరసలో నలుగురం మగవాళ్ళం, ముగ్గురు ముసలాళ్ళూ నేనూ, యూకలిప్టస్ బిళ్ళలు చప్పరిస్తూ నిలబడేవాళ్ళం. పొడుగాటి అంగీ మీద మెడచుట్టూ గంజి పెట్టిన మడతల తెల్లకాలరు కట్టుకోవాలి. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి మమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు, పళ్ళేల్లో పెట్టిన తలకాయల్లా ఉన్నారని ఇంగ్లీషులో చెప్పి నవ్వింది. చెల్లెలు పైస్థాయి పాడే ఆడవాళ్ళ వరసలో, సొప్రానోల్లో, మొదట నిలబడేది. ఆ రాతిగోడల మధ్య దాని గొంతు ఎక్కడో కప్పు దగ్గర పుట్టి కిందికి దిగుతున్నట్టుండేది.

రెండో ఏడు చెల్లెలి చూపుడువేలికి కట్టు కనిపించింది. కారు తలుపులో పడిందంది. తలుపు వేసింది మా బావ, చెల్లెలి మొగుడు. తర్వాత ఒకసారి మోచేతి మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ. ఒకసారి చెవి వెనకాల జుట్టు కుదురుతో సహా ఊడి, అక్కడ రూపాయి కాసంత నున్నగా మెరిసింది. మా ఆవిడ చూసింది, మా అమ్మాయి చూసింది, నేనూ చూశాను. "డాడ్, దిస్ ఈజ్ నాట్ ఓకే. నువ్వు ఎవరికైనా చెప్పాలి," అని మా అమ్మాయి రెండుసార్లు అంది. నేను చెల్లెలికే చెప్పాను. ఆఫీసులో ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టుంది, కొన్నాళ్ళు నువ్వే సర్దుకుపో అన్నాను. ఆ మాట నేను ఎంత ప్రేమగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

నాలుగో ఏడు చలికాలంలో ఇంగ్లండు రాణిగారు సింహాసనమెక్కి డెబ్బై ఏళ్ళయిన సందర్భంగా కెథడ్రల్‌లో కృతజ్ఞతారాధన పెట్టారు. గవర్నరు వస్తారు, బాకాలూ డోళ్ళూ ఉంటాయి, టీవీవాళ్ళు వస్తారు. కీర్తన మధ్యలో ఆర్గన్ ఆగిపోయి ఒక్క గొంతే ఎనిమిది పంక్తులు పాడాలి. ఆ పంక్తులు చెల్లెలికిచ్చారు. విచిత్రమేమిటంటే అందరికంటే ఎక్కువ పొంగిపోయింది మా బావ. నా భార్య టీవీలో పాడుతుందని ఆఫీసులో అందరికీ చెప్పాడు, కొత్త సూటు కొన్నాడు. ఆరాధన ఆదివారం. శుక్రవారం సాయంత్రం రిహార్సల్ ఆలస్యమై చెల్లెలు తర్వాతి రైల్లో ఇల్లు చేరింది. వంటింట్లో బావ దాన్ని ఫ్రిజ్‌కు ఆనించి, రెండు చేతులతో గొంతు నొక్కాడు. కాళ్ళు నేలమీద నుంచి లేచాయట. స్పృహ వచ్చేసరికి పక్కన కూర్చుని నీళ్ళు తాగిస్తున్నాడట, ఆదివారానికి గొంతు జాగ్రత్తగా చూసుకోమంటూ.

నాకు ఇదంతా తెలిసింది ఆదివారం పొద్దున, అంగీలు వేసుకునే గదిలో. చెల్లెలు కాలరు కట్టుకోబోతూ చున్నీ తీసింది. మెడకు రెండు పక్కలా నేరేడుపండు రంగులో వేళ్ళు. ఎనిమిదీ లెక్కపెట్టగలిగేటట్టున్నాయి, బొటనవేళ్ళ చోట గోళ్ళు దిగిన గాట్లు.

"అన్నయ్యా, పైస్వరం రావట్లేదు," అంది. గాలి తప్ప గొంతు లేదు. "ఇక్కడ నొక్కాడు."

నేను కాలరు అందుకుని దాని మెడచుట్టూ కట్టాను. సర్వీసయ్యాక మాట్లాడుకుందామన్నాను. ఆ మడతల కింద ఒక్క మచ్చ కూడా కనబడలేదు.

చెల్లెలు జలుబని చెబితే, మాకు పాట చెప్పే మేడమ్ ఆ పంక్తులు వేరొకావిడకు ఇచ్చింది. చెల్లెలు వరసలో నిలబడి పెదవులు మాత్రం కదిపింది. ఆ రోజు సంగీతం ఎంత గొప్పదో నేను చెప్పలేను. బాకాలు నా చెవులు చీల్చాయి. డోళ్ళ ఒక్కో దెబ్బకూ, ఫ్రిజ్ తలుపుకు తల కొట్టుకోవటమే వినపడింది. ఆర్గన్ ఆగింది, వేరొకావిడ ముందుకొచ్చి పాడింది. ఐదో వరసలో కొత్త సూటులో మా బావ, పక్కనే ఆయన ఆఫీసు స్నేహితులిద్దరు. మా బావ ముఖం మెల్లగా నల్లబడటం నేను పాటల పుస్తకం మీదుగా చూశాను. రాజ్యాన్ని శాంతితో దీవించమని చివరి చరణం పాడాం.

ఊరేగింపుగా అంగీల గదికి తిరిగి వచ్చాం. పైన గంటలు మొదలయ్యాయి. మా బావ తలుపు తోసుకుని లోపలికొచ్చి, మా వైఫ్ ఎక్కడని నవ్వుతూనే అడిగాడు. చెల్లెలు కనబడగానే ఆ తెల్లకాలరు పట్టుకుని మెలిపెట్టి, దాని తల తీసుకెళ్ళి చెక్కబీరువా అంచుకు కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గంటల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఇరవైమందిమి అంగీల్లో కొయ్యబొమ్మల్లా నిలబడిపోయాం. నేను వెనకనుంచి పట్టుకోబోతే ఆయన మోచెయ్యి నా నోట్లో దిగింది. పళ్ళు నాలుక మీద గులకరాళ్ళలా దొర్లాయి. ఆయన మళ్ళీ దాని మీదికి వంగాడు, దాని అంగీ ముందుభాగమంతా రక్తం. అప్పుడు నేను చేతికందిన పాటల పుస్తకంతో, తోలు అట్టవేసిన బరువైన పుస్తకంతో, ఆయన్ని చెవి మీద కొట్టాను. కొట్టి ఆగలేదు. ఎన్నిసార్లు కొట్టానో తర్వాత పక్కవాళ్ళు చెప్పారు.

ఊరేగింపుకు ముందు వెండిపొన్ను కర్ర పట్టుకుని నడిచే డెబ్బై ఏళ్ళ ఆవిడ ఒకరుంది. ఆ కర్ర పూర్వం దారికి అడ్డంవచ్చిన జనాన్నీ జంతువుల్నీ అదిలించడానికట. ఆవిడ తాపీగా వచ్చి, మా బావ ఇంకా కాలరు వదలని చేతిమీద ఆ కర్రతో ఒక్క దెబ్బ వేసింది. ఎముక విరిగిన చప్పుడు గంటల్లో కూడా వినపడింది. "దట్స్ ఇనఫ్, లవ్," అంది మెల్లగా, మనవణ్ణి మందలించినట్టు.

నేను ఆయన ఛాతీ మీద కూర్చున్నాను. గవర్నరు కోసం బయట నిలబడ్డ పోలీసులే లోపలికొచ్చారు. కిందనుంచి మా బావ తెలుగులో అన్నాడు. "బావా, వాళ్ళకి చెప్పు, ఇది ఫ్యామిలీ మ్యాటర్ అని. మనం ఇంట్లో చూసుకుందాం."

పోలీసమ్మాయి నా వైపు చూసింది. నోట్లో రక్తం ఊసి, నాకొచ్చిన ఇంగ్లీషులో వేలి దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ చెల్లెలు నన్నే చూస్తోంది. అందులో కృతజ్ఞత లేదు. ఇవన్నీ నీకు తెలుసా అన్నట్టు చూస్తోంది.

బావకు జైలు పడింది. చెల్లెలు మా ఇంటికి వచ్చేసింది. తలకు పదకొండు కుట్లు. ఫోన్లు చేసిన ఆంటీలు కొందరు, ఇంటి పరువు పోలీసుల చేతిలో పెట్టావని నన్ను తిట్టారు. పోలీసులు వెండిపొన్ను కర్రను సాక్ష్యమని పట్టుకుపోతే ఆ పెద్దావిడ కొన్నాళ్ళు ఊరేగింపు ముందు ఒట్టి చేతులతో నడిచింది. మూడు నెలలకు రాణిగారు పోయినప్పుడు కెథడ్రల్‌లో జరిగిన ఆరాధనను చెల్లెలు జనంలో కూర్చుని విన్నది, నోరు కదపలేదు. పైస్వరాలు ఇక తిరిగి రావని డాక్టర్లు తేల్చారు. ఏడాదిన్నర తర్వాత ఒక శుక్రవారం తనంతట తనే రిహార్సల్‌కు వచ్చి ఆల్టోల వరసలో నిలబడింది. కింది స్థాయిలో, కొంచెం గరుకుగా, కొత్త మనిషి పాడినట్టు పాడింది. దాని గొంతు గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ గదిలో జరిగిందంతా నాలుగు నిమిషాలేనని పోలీసుల కాగితంలో రాసి ఉంది. దానికి ముందు నేను చూస్తూ ఊరుకున్న రెండేళ్ళు మాత్రం ఏ కాగితంలోనూ ఎక్కలేదు. కాలం గడిచిపోయిందిలే అని మా ఆవిడ అంటుంది గానీ, ఆ నాలుగు నిమిషాలు ఎప్పుడో గడిచిపోయాయి, ఆ రెండేళ్ళే నాకు ఇంకా గడవడం లేదు.