అందరి కాళ్లకూ నూనె

కోరుట్లలో బస్సు కోసం నిలబడి ఉంటే పక్క సందులోని గానుగ నుంచి అప్పుడే తీసిన నువ్వుల నూనె వాసన వచ్చింది. ఆ వాసనకు అందరికీ వంట గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం తడి పాదాలు గుర్తుకొస్తాయి, వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సుగుణ సిస్టర్ గుర్తుకొస్తుంది.

మాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. నాన్న సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. అమ్మ రాజవ్వ బీడీలు చేసేది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. బందులతో, సమ్మెలతో నా డిగ్రీ కాలేజీ మూతపడి నేను ఇంట్లోనే ఉండేదాన్ని. అమ్మకు అంతకు ముందే కుష్ఠు వచ్చి తగ్గింది. దవాఖానలో ఇచ్చిన గోళీలతో రోగం పూర్తిగా పోయింది కానీ అరికాళ్లకు స్పర్శ తిరిగి రాలేదు. ఆ సంగతి మా ముగ్గురికి తప్ప వాడకట్టులో ఎవరికీ తెలియదు. తెలిస్తే మా ఇంట్లో ఎవరూ మంచినీళ్లు ముట్టరని అమ్మ భయం.

సుగుణ సిస్టర్ సిరిసిల్ల నుంచి అమ్మలాంటివాళ్ల ఇళ్లకు తిరిగే నర్సు. నడివయసు మనిషి, గొంతు పెద్దది. మొదటిసారి వచ్చినప్పుడు నేను కుర్చీ వేస్తే అందులో కూర్చోలేదు. కింద చతికిలబడి, టబ్బులో నీళ్లు తెమ్మని, అమ్మ పాదాలు అందులో పెట్టించింది. కాసేపు నానాక ఒక పాదాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అమ్మ గబుక్కున వెనక్కి లాక్కోబోయింది.

"నా కాళ్లు ముట్టుకోకుర్రి సిస్టరమ్మా."

"ఎందుకు ముట్టద్దు? రోగం పోయింది రాజవ్వా. నీ కాళ్లకు చెమట పడుతలేదు, గందుకే తోలు ఎండి పగులుతుంది. పగులు పుండైనా నీకు తెల్వది. రోజు గిట్ల నానవెట్టు, మొద్దుబారిన తోలును రాయితోని మెల్లగ రుద్దు, తడి ఆరకముందే నూనె రాయి."

"ఏం నూనె రాయాలె?" అని అడిగాను.

"కొబ్బరిదో, నువ్వులదో, ఇంట్ల ఏది ఉంటే గదే బిడ్డా. రాసినంక రెండు పాదాలు కండ్లతోని చూసుకోవాలె. కాళ్లు చెప్పకపోతే కండ్లే చెప్పాలె."

అప్పటిదాకా అమ్మ పాదాలను డాక్టర్లు కూడా దూరం నుంచే చూడడం నాకు తెలుసు. సిస్టర్ వేళ్ల సందుల్లో కూడా నూనె రాస్తుంటే, కాలికి ఏమీ తెలియకపోయినా అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నర్సు మా ఒక్క ఇంటికే ఎందుకు వస్తోందని వాడలో ఆరా మొదలైంది. అమ్మ హడలిపోయింది. ఆ మాట చెప్తే సిస్టర్ తర్వాతిసారి వచ్చినప్పుడు వాకిట్లో నిలబడి, "మడిమలు పగిలినోళ్లందరు రాండ్రి! టబ్బులు మీవే, నూనె మీదే, ముచ్చట నాది!" అని కేకేసింది. బీడీలు చేసేవాళ్లు, నాట్లకు పోయేవాళ్లు, ఎదురింటి జరీనా అత్త, పక్కింటి లచ్చవ్వ అందరూ వచ్చారు. పగలని మడిమ ఎవరికుంది? అందరూ వరుసగా కూర్చుని కాళ్లు నానబెట్టుకుని, ఉద్యమం కబుర్లు చెప్పుకుంటూ నూనె రాసుకున్నారు. ఆ వరుసలో అమ్మ కూడా ఒకతి. అంతమంది మధ్య కూర్చుని ఆమె నవ్వడం చాలాకాలం తర్వాత చూశాను.

సమ్మె సాగుతుండగానే బతుకమ్మ పండుగ వచ్చింది. ఆడవాళ్లంతా ఉద్యమం కోసం పట్టపగలే రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడారు. ఎండ మండుతోంది. "బతుకమ్మ ముంగట చెప్పులేసుకోని ఆడుతరా?" అని అమ్మ చెప్పులు విడిచింది. చాలాసేపు ఆడింది, పాడింది. ఇంటికొచ్చాక చూస్తే అరికాళ్లు బొబ్బలెక్కి, కుడికాలి తోలు ఊడిపోయింది.

బస్సుల్లేవు. ఫోన్ చేస్తే సిస్టర్ సిరిసిల్ల నుంచి మానేరు వంతెన మీదుగా నడిచి వచ్చింది. తిడుతుందని అమ్మ తల వంచుకుంది. "పాట మంచిగ పాడినవట గదా," అంది సిస్టర్, నేను కట్టిన గుడ్డ కట్టు విప్పుతూ. అప్పటికే వాకిలి నిండా జనం.

"గంత కాలితే నొప్పి తెల్వలేదా రాజవ్వా?" అని లచ్చవ్వ అడిగింది.

"ఒక్కొక్కరి తోలు ఒక్కొక్క తీరు," అని సిస్టర్ మాట దాటేయబోయింది. అమ్మే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు పెద్దరోగం ఉండె. గోళీలు తిన్న, తగ్గింది. కాళ్లకు సోయి మాత్రం లేదు."

లచ్చవ్వ లేచి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. జరీనా అత్త మాత్రం సిస్టర్ పక్కనే కూర్చుంది.

"గిన్నొద్దులు పక్కపక్కనే కూసున్నం. నాకేమైంది?" అంటూ నూనె సీసా అందుకుని, పుండు లేని చోట, అమ్మ పిక్కకు రాయడం మొదలుపెట్టింది.

పుండు మానడానికి చాలాకాలం పట్టింది. బస్సులు తిరిగేదాకా సిస్టర్ నడిచే వచ్చింది. లచ్చవ్వ మళ్లీ మా గడప తొక్కలేదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే టబ్బులతో తిరిగొచ్చారు.

కొన్నేళ్లకు సిస్టర్‌కు జగిత్యాల బదిలీ అయింది. ఒకసారి అక్కడికి వెళ్లి, ఆ రోజు వాడంతటినీ ఎందుకు పిలిచావని అడిగాను.

"మీ అమ్మ ఒక్కతికే రాస్తే అది రోగం మందయితది బిడ్డా. అందరికి రాస్తే ఉత్త నూనె," అంది. అంత పెద్ద పని చేసి, అంత చిన్న మాటతో తేల్చేసింది.

ఇప్పుడు నేను బీర్పూర్‌లో అంగన్‌వాడీ టీచర్ని. ఈ ఏడు ఒక పాప చేరింది. పుట్టుకతోనే ఒళ్లంతా చేప పొలుసుల్లాంటి తోలు. అంటుకునేది కాదని డాక్టర్ చెప్పినా, పిల్లలు పక్కన కూర్చోరు. పాప గౌను అంచును మోకాళ్ల కిందికి లాక్కుంటూ మూలన ఉండేది. నేను రోజూ పిల్లలందరి కాళ్లూ చేతులూ కడిగించి, వరుసగా కూర్చోబెట్టి, కొబ్బరి నూనె రాయడం మొదలుపెట్టాను.

"మా పొల్లకు ఏం కాలేదు గద టీచరమ్మా, నూనె ఎందుకు?" అని తల్లులు అడుగుతారు.

"చలికాలం గద," అంటాను.

ఇప్పుడా పాప మూలన కూర్చోవడం లేదు. వరుసలో అందరికంటే ముందు వచ్చి, గౌను పైకి లాక్కుని, నా ఒళ్లోకి కాళ్లు చాపుతోంది.