సముద్రానికి వీపు పెట్టని తాత బొమ్మ

మా చిన్నప్పుడు... రెండు రోజులు ఆగకుండా వాన. మూడో పొద్దున వెలిసింది కానీ గాలి తగ్గలేదు. పడవలు దింపలేదు. తాత గుమ్మం ముందు ఇసుకలో కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు... ఎప్పటిలాగే సముద్రం వైపు తిరిగి.

ఆ రోజే శ్రీకాకుళం నుంచి బొమ్మలేసే ఆయన వచ్చాడు. మా అత్తకి కొత్తగా పెళ్ళయింది. సోమవారం విజయనగరం, అత్తారింటికి వెళ్ళాలి. వాళ్ళ నాన్న, అంటే మా తాత బొమ్మ పట్టుకెళ్తానని కూర్చుంది. పెళ్ళి ఫోటోలున్నాయి... అయినా గోడకి రంగుల బొమ్మే కావాలంది.

బొమ్మ వెనక ఏం వెయ్యాలో ఎంచుకోడానికి ఆయన దగ్గర ఒక పుస్తకం ఉండేది. జలపాతం, ఎర్ర తెర, మేడమెట్లు, మంచుకొండలు... నాకైతే హంసల కొలను నచ్చింది. నన్నెవరూ అడగలేదు.

తాత జలపాతం దగ్గర ఆగాడు. "ఈ నీటిలో సేపలుంటాయేటి?"

మంచుకొండలు చూసి నాయనమ్మ, "ఓలమ్మో... లుంగీతో అక్కడ కూకుంటే బిగుసుకుపోతావు మావా" అంది.

అత్త పుస్తకం మూసేసింది. "ఇవేవీ వద్దు. మన సముద్రమే ఉండాల. అక్కడ కిటికీ తీస్తే ఎదురింటి గోడే కనబడతాది."

బొమ్మలాయన స్టూలు వేసి, సముద్రం వెనక వచ్చేలా తాతని కూర్చోబెట్టాడు. తాత కూర్చోగానే లేచి నిలబడ్డాడు.

"గంగమ్మకి యీపు పెట్టి నాను కూకోను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కూకోలేదు."

"బొమ్మలోనే కదా తాతా" అన్నాడు బొమ్మలాయన.

"బొమ్మలో ఉండీది నాను కాదేటి?"

తాత వల దగ్గరికి పోయాడు. సముద్రం లేకపోతే బొమ్మే వద్దని అత్త లోపలికి పోయింది. బొమ్మలాయన రంగులు సర్దుకోసాగాడు...

నాయనమ్మ వచ్చి, వల అల్లుతున్న తాతని పక్క నుంచి చూసింది.

"ఇటు నుంచి ఇలగే ఏసెయ్యి బాబూ. సముద్రం ఆయన ముందే ఉంటాది."

"సగం మొగమే వస్తాదమ్మా."

"మంచిదే. గాలం గీరిన బుగ్గ అటు పోతాది."

లోపల అత్త నవ్వింది. తర్వాత బయటికొచ్చింది.

సాయంత్రానికి బొమ్మ అయ్యింది. ఒక కన్ను, ఒక చెవి, ఒళ్ళో వల, ఎదురుగా సముద్రం.

ఇప్పుడు ఫోన్లో వేలు పెడితే మన వెనక ఏ ఊరు కావాలంటే ఆ ఊరు వస్తుంది. వీపు ఎటు పెట్టామో ఎవరూ చూసుకోవట్లేదు... మీ ఇంటి గోడ మీద రంగుల బొమ్మ ఉంటే, వెనక ఏముందో చెప్పండి.

సోమవారానికి గాలి తగ్గింది. తాత తెల్లారకముందే వేటకి పోయాడు. అత్త ఏడింటి బస్సుకి వెళ్ళింది, బొమ్మ ఒళ్ళో పెట్టుకుని.