కంఠతా వచ్చిన దేవుడు

అరవైల మొదట్లో హైదరాబాదులో బి.ఏ. పూర్తిచేసి జహీరాబాదుకు తిరిగి వచ్చేసరికి, నా భవిష్యత్తు నాకన్నా ముందే ఇంటికి చేరి కూర్చుంది. నన్ను ఉపదేశిగా నిలబెట్టాలని మా క్రైస్తవ గుడి పాదిరి అయ్యగారు, సంఘపెద్దలు, మా నాన్న కలిసి తీర్మానించారు. ఊళ్లు తిరిగి బైబిలు వాక్యం చెప్పడం ఉపదేశి పని. నన్నెవరూ అడగలేదు. ముందు గది గోడ నిండా నా ప్రశంసాపత్రాలు వేలాడుతుంటే అడగడం దేనికనుకున్నారేమో.

అవన్నీ కంఠత పోటీలవి. ప్రతి కోతపండుగకూ మా గుడిలో వాక్యాలు అప్పజెప్పే పోటీ ఉండేది. నేను కీర్తనలతో మొదలుపెట్టి, ఇక నాతో పోటీకి ఎవరూ రాకపోయినా ఆగలేక, పెళ్లి, బాప్తిస్మం, సమాధి ప్రార్థనలు ఉండే ఆరాధన పుస్తకమంతా బట్టీ కొట్టాను. ఒక్కటే ఇబ్బంది. ఏ దేవుని గురించి అన్ని పత్రాలు సంపాదించానో, ఆయనతో నాకు పరిచయం లేదు. ఈ సంగతి నాన్నకు చెబుదామని రెండుమూడుసార్లు నోరు తెరిచాను. అప్పటికే ఆయన నా పాత చొక్కా కొలతకిచ్చి దర్జీ దగ్గర తెల్లకోటు పురమాయించి వచ్చారు. మా ఇంట్లో దర్జీ దాకా పోయిన మాట వెనక్కి రాదు.

ఆ ఆదివారమే నన్ను నిలబెట్టాలి. గురువారం నాడు ఝరాసంగం దగ్గరి పల్లెలో మా మేనత్తకు జ్వరమని కబురొస్తే, ప్రార్థన చేసి రమ్మని నాన్న నన్ను పంపించారు. అత్త కూలికి పోయి జొన్న కోసే మనిషి. అక్షరం రాదు. నేను గడప దాటగానే ఇరుగుపొరుగు లేచి నిలబడ్డారు.

కళ్లు మూసుకుని రోగుల ప్రార్థన ఎత్తుకున్నాను. మా పుస్తకంలో రోగుల ప్రార్థన, సమాధి ప్రార్థన ఒకే వాక్యంతో మొదలై, రెండో వాక్యం దగ్గర విడిపోతాయి. పోటీల్లో నా నాలుకకు ఏ దారి బాగా అలవాటైందో ఆ దారినే పోయింది. అత్తను మట్టికి అప్పగించే దాకా వచ్చేసరికి పక్కింటామె ఏడుపు అందుకుంది.

"జర ఆగు అల్లుడా," అన్నది అత్త. "నేనింకా పోలే."

ఎవరికీ నవ్వు రాలేదు, అత్తకు తప్ప. దగ్గుతూనే నవ్వి నా చెయ్యి పట్టుకుంది.

"పుస్తకం పక్కకు వెట్టు. నువ్వు దేవునికి ఏం చెప్తవో గది చెప్పు."

నా చేతిలో పుస్తకం లేదన్నాను. తలకాయలో ఉన్నదాన్నే పక్కకు పెట్టమన్నది. పెట్టి చూశాను. వెనకాల ఏమీ లేదు.

నా అవస్థ చూసి తనే మొదలుపెట్టింది. కళ్లు తెరిచే, మంచం పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. చేనులో ఇంకా కోత మిగిలి ఉందని, మోకాలు మాట వినడం లేదని, నిన్న కోపమొచ్చి ఆయనతో మాట్లాడలేదని, అది మనసులో పెట్టుకోవద్దని చెప్పింది. చివర ఆమెన్ అనలేదు. మాటలు ఇంకా ఉన్నాయి కాబోలు.

ఆదివారం గుడికి కోహీర్, న్యాల్‌కల్ నుంచి కూడా జనం వచ్చారు. అయ్యగారు నన్ను పీఠం ముందు నిలబెట్టి, సంఘం కోసం ప్రార్థన చేయమన్నారు. తలుపు చాలా దూరంలో ఉంది. మధ్యలో ముందు బెంచీ మీద నాన్న ఉన్నారు. నాలుక మీదికి ప్రార్థనలు వరసకట్టి వస్తూనే ఉన్నాయి. వాటినన్నిటినీ మింగి,

"దేవా, నువ్వు నాకు తెల్వదు," అన్నాను. "వీళ్లకు చెప్పాల్నంటే భయమైతున్నది."

ఇక నన్ను ఉపదేశిని చేయరు, బయటపడ్డాననుకున్నాను. అయ్యగారు కళ్లు తుడుచుకుని, ఇంత చదువుకున్నవాడిలో ఇంతటి వినయం, తగ్గింపు తాను చూడలేదన్నారు. నాన్న తల ఇంకాస్త పైకి లేచింది. పెద్దలు నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఉపదేశిగా దీవిస్తూ ఒకరి తరవాత ఒకరు నా తల మీద చేతులుంచారు. ఆ చేతులు అంత బరువుంటాయని ఏ పోటీలోనూ చెప్పలేదు.

నా మాటను ఉన్నదున్నట్టు విన్నవాడు ఆ గుడిలో ఎవరైనా ఉంటే ఆ దేవుడొక్కడే ఉండాలి. "తప్పించుకుందామంటే తొవ్వ లేదు, నువ్వన్నా ఉండు," అని లోపలే అన్నాను. జవాబివ్వడానికి ఆయనకు తొందర ఉన్నట్టు లేదు. చేతులు తీయడానికి పెద్దలకూ తొందర లేదు.