ధనియాలు వేయించిన బీరు

మా ఆయన అప్పటికి జీవితం మొత్తం మీద రెండు గ్లాసుల బీరు తాగి ఉంటారు, అదీ కషాయం తాగినట్టు మొహం చిట్లించుకుని. అలాంటాయన పరాయి దేశంలో, వెస్ట్‌మీడ్‌లోని మా అద్దె ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, బెల్జియం పద్ధతి గోధుమ బీరుకు సొంతంగా రెసిపీ తయారుచేస్తానని కూర్చున్నారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సంవత్సరం చివర రెండు సున్నాలు వస్తే బ్యాంకు కంప్యూటర్లకు మతి పోతుందని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మా ఆయనకు పారమాటాలోని ఒక బ్యాంకులో కాంట్రాక్టు దొరికింది. పాత ప్రోగ్రాముల్లో తేదీలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి సరిచేయడం పని. కొత్త సంవత్సరం వస్తే ఆ పని అయిపోతుంది. కాంట్రాక్టు మీద ఉన్న ఇద్దరిలో ఒకరిని ఉంచుకుంటారని ఆఫీసులో అనుకుంటున్నారు. ఆయన ఉద్యోగం మీద మా వీసా, ఆ వీసా మీద నా ఉద్యోగం. ఏడాది పాటు దరఖాస్తులు పెట్టి పెట్టి, ఆ చలికాలంలోనే నాకు ఒక ఆసుపత్రి ల్యాబులో మైక్రోబయాలజిస్టుగా చోటు దొరికింది. పొద్దున్నే నడిచి వెళ్ళి, తెల్లకోటు తొడుక్కుని, నా బల్ల ముందు నేను కూర్చునే ఆ సుఖం నాకు మళ్ళీ పోగొట్టుకోవాలని లేదు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్ళంతా పబ్బుకు వెళ్ళేవారు. ఈయన లెమనేడు గ్లాసు పట్టుకుని ఒక మూల నిలబడేవారట. ముఖ్యమైన మాటలన్నీ అక్కడే జరుగుతాయనీ, తను వాటికి బయటే ఉండిపోతున్నాననీ ఆయన బాధ. అందులో నిజం లేకపోలేదు. ఆయన మేనేజరు తన గరాజులో సొంతంగా బీరు కాచుకునే మనిషి. కుర్రతనంలో బెల్జియంలో తాగిన తెల్లటి గోధుమ బీరు తన చేతికి మాత్రం ఎప్పుడూ కుదరలేదని ఒక శుక్రవారం వాపోయాడట. మా ఆయన వెంటనే, "డిసెంబరులో ఆఫీసు వాళ్ళ బార్బెక్యూకి నేను చేసి తెస్తాను" అనేశారు.

"చేయడం వచ్చా మీకు?" అని అడిగాను.

"ఇంటర్నెట్‌లో అంతా ఉంది. ఇట్స్ జస్ట్ ఎ ఫార్ములా" అన్నారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బకెట్టు కూడా కొనకముందే ఎక్సెల్ షీటు తయారైంది. దొరికిన రెసిపీలన్నీ అందులోకి ఎక్కించి, వాటి సగటు తీశారు. ఒకడు మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, సగం వేయమంటే, ఇంకొకడు గోధుమలే ఎక్కువ వేయమన్నాడు. ఒకడు నారింజ తొక్క వేయమంటే, ఇంకొకడు వద్దన్నాడు. సగటున సగం తొక్క. వంటను సగటు తీసి చేసేవాళ్ళు ఎవరైనా ఉంటారా? పదిమంది చేసే పప్పుచారును సగటు తీస్తే ఎవరి పప్పుచారూ కాదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. బీరు చేసేది మనిషి కాదు, ఈస్టు. తీపినీళ్ళు కాచి ఇవ్వడం వరకే మన పని, మిగతాదంతా దానిది. నా ఉద్యోగమే ఆ జాతి జీవాలతో. రోజంతా గాజు పళ్ళాల్లో వాటిని పెంచి, ఏది ఏ వేడికి ఎలా ప్రవర్తిస్తుందో చూసి రాసే మనిషి ఇంట్లో ఉంది. ఆయన మాత్రం అమెరికాలో ఎవడో ముక్కూమొహం తెలియనివాడిని ఈమెయిల్లో అడుగుతున్నారు, ఈస్టుకు ఎంత వేడి ఉండాలని. "నన్ను అడగొచ్చుగా" అన్నాను. "నీది హాస్పిటల్ సైడ్ కదా, ఇది బ్రూయింగ్" అన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా.

అక్టోబరులో ఒక సాయంత్రం మా ల్యాబు పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది. నా పని తనకు నచ్చిందనీ, నా వీసా నా పేరు మీదే ఉండేలా ఆసుపత్రి తరఫున అడుగుతాననీ, ఇద్దరం మాట్లాడుకుని చెప్పమనీ అంది. మా ఆయన నా మీద ఆధారపడి ఉండేలా కాగితాలు మారతాయి, అంతే తేడా. నేను దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. తలుపు తీసేసరికి ఇల్లంతా ధనియాల వాసన. ఆయన పొయ్యి దగ్గర నిలబడి మూకుట్లో గరిటె తిప్పుతున్నారు.

నేను చెప్పులు విప్పకుండానే చెప్పడం మొదలుపెట్టాను. ల్యాబు, పెద్దావిడ, వీసా, అన్నీ చెప్పాను. ఆయన మూకుట్లోంచి కళ్ళెత్తలేదు.

"ఊఁ ఊఁ, చూద్దాంలే. కొంచెం ఆగు, రంగు మారుతున్నాయి" అన్నారు.

"ఏంటవి?"

"బీరులోకి. కొరియాండర్ అని ఉంది రెసిపీలో. అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ధనియాలు వేయించకుండా ఏ వంటలో వేస్తార్రా నాన్నా, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు అంది."

ఏలూరులో ఉన్న మా అత్తగారికి అది దేనికోసమో ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ ఫోను కింద పడేసి ఉండేవారు. ఫోను కార్డు గీకి సముద్రాల అవతల ఉన్న అమ్మను అడిగారు గానీ, ఎదురుగా ఉన్న నన్ను అడగలేదు. "వాళ్ళు వేయించమన్నారా?" అని మాత్రం అడిగాను. "పచ్చి ధనియాలు ఎవరైనా వేస్తారా? అది వాళ్ళు రాయడం మర్చిపోయుంటారు" అన్నారు. నేను లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకున్నాను. చెప్పిన మాటే రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. అది మా పుట్టింటి నుంచి వచ్చిన జబ్బు. అడిగితే చెబుదామనుకున్నాను, ఆయన అడగలేదు. ల్యాబు పెద్దావిడకు మాత్రం ఇంకా మాట్లాడుకోలేదని చెబుతూ వచ్చాను.

ఆ ధనియాలను మెత్తగా పొడి కొట్టి, మరుగుతున్న మాల్టు నీళ్ళలో గుమ్మరించారు. పై ఫ్లాట్‌లో ఉండే తెలుగు ఆంటీ మెట్ల మీద ఆగి, "ఏం అమ్మాయ్, ఇవాళ చారా?" అని అడిగారు. అవునన్నాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, మేమేమో నిజంగా కల్లే కాస్తున్నాం.

తర్వాత ఆ బకెట్టు మా బాత్‌టబ్బులో కాపురం పెట్టింది. స్నానం చేయాలంటే ముందు దాన్ని బయటికి మోయాలి. పైన అమర్చిన గొట్టంలోంచి బుడగలు వస్తుంటే ఆయన పీట వేసుకుని కూర్చుని చూసేవారు. నవంబరు వచ్చేసరికి బీరు సీసాల్లోకి ఎక్కింది. ఒక ఆదివారం మొదటి సీసా తీశారు. గ్లాసులో పోశారు, ఒక గుటక వేశారు, నా వైపు చూశారు.

నేను తాగను. కానీ చెంచాతో తీసి నాలుక మీద వేసుకున్నాను. అది చారు. చల్లటి చారు, నురగతో సహా. ఇంగువ పోపు ఒక్కటే తక్కువ.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. సగటులన్నీ సరిగ్గానే ఉన్నాయని గొణిగారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మూల లెమనేడు పట్టుకుని నిలబడే మనిషి నాకు కనిపించాడు. నా బల్ల, నా తెల్లకోటు కూడా ఆ గ్లాసు అడుగున కనిపించాయి. "లేవండి, ఇక మీరు తప్పుకోండి" అన్నాను.

ఎక్సెల్ షీటు మూసేయించాను. చంటిపిల్లలకు రాగులు మొలకెత్తించి జావ కాచే దేశం నుంచి వచ్చిన నాకు, మొలకెత్తిన గింజలోనే తీపి పుట్టించే గుణం ఉంటుందని ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మొలకెత్తిన బార్లీ సగం, మొలకెత్తని గోధుమ అటుకులు దాదాపు సగం. బార్లీ తన తీపిని పుట్టించుకుని, గోధుమకు కూడా సాయం చేస్తుంది. హాప్స్ అనే చేదుపూలు కొంచెమే. నారింజ తొక్కల లోపలి తెల్లపొర గీకేసి బాల్కనీలో ఎండబెట్టాను. ధనియాలు పచ్చివే, ఒక్కొక్కటి రెండు చెక్కలయ్యేలా దంచి, దించే ముందు వేశాను. పచ్చి ధనియాల్లో నిమ్మకాయ వాసన ఉంటుంది, వేయిస్తే ఆ వాసన పోయి కూర వాసన మిగులుతుంది. ఈస్టును ముందుగా జాము సీసాలో మాల్టు నీళ్ళు పోసి నిద్రలేపాను. ఆ దేశంలో డిసెంబరు ఎండాకాలం. ఎండలు ముదురుతున్నాయని బకెట్టుకు తడి తువ్వాలు చుట్టాను, కూజాకు చుట్టినట్టే. అప్పటిదాకా బుడగలు చూస్తూ కూర్చున్నాయన ఇప్పుడు తువ్వాలు తడుపుతూ కూర్చున్నారు.

బార్బెక్యూ మేనేజరు ఇంటి పెరట్లో. అతను మా సీసా మూత తీసి, మబ్బుగా ఉన్న ఆ బీరును ఎండకు ఎత్తి చూసి, వాసన పీల్చి, తాగి, గ్లాసు ఖాళీ చేశాకే మాట్లాడాడు. ఏ వేడిలో పులియబెట్టావు, ధనియాలు ఎప్పుడు వేశావు అని మా ఆయనను అడిగాడు. మా ఆయన, "అది నా భార్యను అడగాలి. నేను చేసింది తాగలేకపోయాం" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆ ఒక్క మాటకు నాకు సగం కోపం పోయింది. ఆ తర్వాత మేనేజరూ నేనూ ఈస్టు గురించి మాంసం మాడిపోయేదాకా మాట్లాడుకున్నాం.

వెళ్ళేటప్పుడు మేనేజరు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా వచ్చాడు. ఇద్దరిలో ఒకరిని కూడా ఉంచుకోవడం లేదనీ, పైనుంచి ఎప్పుడో తేలిపోయిందనీ, చెప్పడానికి తనకే నోరు రాలేదనీ అన్నాడు. బీరు అద్భుతంగా ఉంది మేట్, అని కూడా అన్నాడు.

కారులో బయల్దేరాం. ఖాళీ సీసాలు వెనక సీట్లో ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. పారమాటా దాటాక ఎర్రలైటు దగ్గర ఆయన ఉన్నట్టుండి నా వైపు తిరిగారు. మొహం వెలిగిపోతోంది.

"నాకిప్పుడే ఒక ఐడియా వచ్చింది. మీ ల్యాబు వాళ్ళు నీ పేరు మీద వీసా ఇస్తారేమో అడిగితే? నేను డిపెండెంట్‌గా ఉంటాను. ఎవరికీ తట్టలేదు చూడు."

నేను ముందుకు చూస్తూ కూర్చున్నాను. లైటు పచ్చగా మారింది, వెనక కారు వాడు హారను కొట్టాడు.

"అక్టోబరులోనే చెప్పాను" అన్నాను.

"చెప్పావా? ఎప్పుడు?"

"అప్పుడు మీరు ధనియాలు వేయిస్తున్నారు."